చిక్కటి కూలెంట్ పోసినా ట్రాక్టర్ ఇంజిన్ ఎందుకు వేడెక్కుతోంది?

రైతు సందేహం: ట్రాక్టర్ రేడియేటర్‌లోని పాత నీళ్లు తీసేసి, ఏమీ కలపకుండా చిక్కటి కూలెంట్ నింపాను. అప్పటి నుంచి రోటావేటర్ వేస్తే ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాకా వెళ్తోంది. కూలెంట్ నాసిరకమా? మళ్లీ నీళ్లే పోయాలా?

నిపుణుల సలహా: లోపం కూలెంట్‌ది కాకపోవచ్చు. నీళ్లు కలపకుండా పోయడమే మొదట సరిదిద్దవలసిన విషయం. చిక్కటి కూలెంట్‌లో ఎక్కువ భాగం ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. ఒక కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటే, అదే బరువున్న గ్లైకాల్ 2.4 కిలోజౌళ్లే తీసుకుంటుంది. పైగా గ్లైకాల్ నీటికన్నా ఎన్నో రెట్లు జిగటగా ఉండడం వల్ల రేడియేటర్ సన్నని గొట్టాల్లో మందంగా పారుతుంది, లోహం నుంచి వేడిని అందుకోవడంలోనూ నీటికి సాటిరాదు. రోటావేటర్ వంటి బరువు పని పడినప్పుడు ఈ లోటు బయటపడుతుంది.

అలాగని ఉత్త నీళ్లు పోయమని చెప్పను. నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది. సగం నీరు, సగం గ్లైకాల్ ఉన్న మిశ్రమం సుమారు 107 డిగ్రీల వరకు మరగదు, రేడియేటర్ మూత నిలిపే ఒత్తిడి వల్ల ఆ హద్దు ఇంకా పెరుగుతుంది. బోరు నీటిలోని సున్నపు లవణాలు గొట్టాల లోపల పొరకట్టి వేడిని బయటికి పోనివ్వవు. తుప్పును ఆపే రసాయనాలు ఉత్త నీటిలో ఉండవు.

కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లారాక మాత్రమే మూత తీసి, సగం కూలెంట్‌ను బయటికి తీసేసి, అంతే పరిమాణంలో డిస్టిల్డ్ వాటర్ పోయండి. ట్రాక్టర్ పుస్తకంలో వేరే నిష్పత్తి ఉంటే అదే పాటించండి. డబ్బాపై నేరుగా వాడవచ్చని రాసి ఉంటే అది ముందే నీళ్లు కలిపిన రకం, దానిలో మళ్లీ కలపకూడదు. అప్పుడు కారణం వేరే ఉన్నట్లే. నిష్పత్తి సరిచేశాక కూడా ముల్లు పైకి వెళ్తుంటే రేడియేటర్ రెక్కల్లో చేరిన దుమ్ము, ఫ్యాన్ బెల్టు బిగువు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) మెకానిక్‌కు చూపించండి. రంగు ఒకటే కదా అని వేరే రకం కూలెంట్ కలపవద్దు, రసాయనాలు పడక జిగురులా పేరుకోవచ్చు.

తీసిన కూలెంట్‌ను కాలువలో గానీ, పాక దగ్గర గానీ పారబోయకండి. తియ్యగా ఉంటుంది కనుక పశువులు, కుక్కలు తాగుతాయి. కొద్దిగా తాగినా మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయే ప్రమాదం ఉంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండా ఉంచి, వాడిన ఆయిల్ సేకరించే వర్క్‌షాపులో అప్పగించండి.