స్నేహితులతో ట్రిప్ ఖర్చు మీ ఒక్కరి కార్డు మీదే పడుతోందా?

ప్రశ్న: మేం ఐదుగురం స్నేహితులం. వీలైనప్పుడల్లా శని, ఆదివారాల్లో నా కారులో కొండలు, జలపాతాలు చూడటానికి వెళ్తుంటాం. పెట్రోలు, గది, భోజనం అన్నీ నా క్రెడిట్ కార్డుతోనే కడతాను. వాళ్లిచ్చేది ఒకేసారి రాదు, కొంత అసలే రాదు. రెండు నెలలుగా మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతున్నాను. అడగాలంటే మొహమాటం. ట్రిప్పులు మానేయాలా?

జవాబు: మానేయొద్దు. వారమంతా పనిలో మునిగినవాళ్లు రెండు రోజులు మనవాళ్లతో కొండల్లో తిరిగి రావడం డబ్బు పెట్టదగ్గ ఖర్చే. కాకపోతే ఇప్పుడు మీరు తిరిగొచ్చాక వసూలు చేస్తున్నారు. ఇకపై బయల్దేరే ముందే తీసుకోండి.

ముందు కార్డు సంగతి చూద్దాం. మినిమమ్ డ్యూ కడితే లేట్ ఫీజు తప్పుతుంది గానీ వడ్డీ తప్పదు. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా, సాధారణంగా కొత్త కొనుగోళ్లకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకు 3 శాతం అనుకున్నా చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. సేవింగ్స్ ఖాతాలో డబ్బుంటే ముందు ఈ బాకీ తీర్చేయండి. అది తీరేదాకా ఒక్క ట్రిప్ ఖర్చు కూడా ఆ కార్డు మీద వేయొద్దు.

ఇక వాటాలు. చాలామంది పెట్రోలు బిల్లును ఐదుతో భాగించి లెక్క తేలిపోయిందనుకుంటారు. కారు యజమాని నష్టపోయేది అక్కడే. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు కూడా ఆ దారిలోనే అరుగుతాయి, ఘాట్ మలుపుల్లో ఇంకాస్త ఎక్కువగా. మీ టైర్ల సెట్టు 40,000 కిలోమీటర్లు వస్తుందనుకుంటే 500 కిలోమీటర్ల ట్రిప్‌కు దాని ధరలో 80వ వంతు ఖర్చయినట్టే. సర్వీసింగ్ 10,000 కిలోమీటర్లకు ఒకసారి అయితే ఆ బిల్లులో 20వ వంతు. ఇవన్నీ పెట్రోలుకు కలిపి, అప్పుడు ఐదుతో భాగించండి. అంతకు మించి తీసుకోవద్దు. లాభానికి మనుషుల్ని ఎక్కించుకుంటే సొంత కారు బీమా పాలసీల్లో చాలావాటికి అది అద్దెకు తిప్పినట్టే, క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది.

పెట్రోలు అంచనాలోనూ జాగ్రత్త. లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన 500కు 33 లీటర్లు చాలనిపిస్తుంది. అందులో 150 కిలోమీటర్లు ఘాట్ రోడ్డై, అక్కడ లీటరుకు 10 మాత్రమే వస్తే 38 లీటర్లు దాటుతుంది. దిగేటప్పుడు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో పెట్టకండి. ఈ కాలపు కార్లలో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఇంధనం తాగుతూనే ఉంటుంది, భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి.

జలపాతాల దగ్గర ఇంకో పెద్ద ఖర్చు పొంచి ఉంటుంది. రోడ్డు మీద పారే నీళ్లలో కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్‌లోకి నీరు చేరాక స్టార్ట్ చేస్తే జరిగే నష్టానికి చాలా సాధారణ బీమా పాలసీల్లో పరిహారం రాదు. మీ పాలసీలో ఇంజిన్ రక్షణ ఉందో లేదో వెళ్లేముందే చూసుకోండి.

మొహమాటం పోవాలంటే గ్రూపులో ఇలా పెట్టండి: "ఈసారి తలా ఇంత అవుతుంది. గురువారంలోగా పంపండి, వచ్చినవాళ్ల లెక్కతోనే గది బుక్ చేస్తాను." అంచనాకు పది శాతం కలిపి అడగండి, మిగిలితే తర్వాతి ట్రిప్‌కు ఉంచండి. అందరి జీతాలూ ఒకేలా ఉండవు కాబట్టి మొత్తం చెప్పేముందు గది ఎలాంటిదైతే బాగుంటుందో అడగండి. ఒకరికి భారమనిపిస్తే చవకైనదే తీసుకోండి.

పాత బాకీలు గ్రూపులో ఎత్తకండి. ఎవరికి వారికి విడిగా, బిల్లుల ఫొటోలతో సహా వాళ్ల వాటా ఎంతో పంపి ఒక తేదీ చెప్పండి. అప్పటికీ ఇవ్వకపోతే ఆ మొత్తాన్ని రాదనే అనుకుని మీ బడ్జెట్ వేసుకోండి. వాళ్లు మళ్లీ వస్తామంటే, ముందుగా కట్టాల్సిన వాటాతో పాటే పాతదీ అడగండి.