బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీ: లెన్స్ కంటే ముందు గోడ క్యాలెండర్ చూడండి

కొత్తగా కెమెరా కొన్నాను, బెంగళూరులో ఉద్యోగం, కొండలు, పక్షులు, జంతువులు, రాత్రి ఆకాశం అన్నీ తీయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ లెన్స్ కొనాలి, దీంతో ఏమైనా సంపాదించొచ్చా అని అడిగారు. నాది హిందూపురం దగ్గర పల్లె. సర్జాపూర్ రోడ్డు వైపు ఉంటాను, 2016 నుంచి ఈ పిచ్చి ఉంది. ప్రొఫెషనల్‌ని కాను. శని, ఆదివారాలు, దొరికితే ఒక కంప్ ఆఫ్, అంతే.

ఆకాశంతో మొదలుపెడతాను. నేను ఎక్కువ రాత్రులు పాడు చేసుకుంది అక్కడే.

అందరిలాగే నేనూ మొదట నంది కొండ వైపు పోయాను. రాత్రి పైకి వదలరు కాబట్టి కింద రోడ్డు పక్కన పొలం గట్టు మీద ట్రైపాడ్ పెట్టాను. ఏప్రిల్ నెల, అమావాస్య, మబ్బు లేదు. ఫొటో తీస్తే ఆకాశం బత్తాయి రసం రంగులో వచ్చింది. కెమెరా సెట్టింగులు తిప్పీ తిప్పీ తెల్లవార్చాను. తప్పు సెట్టింగులది కాదు, దిక్కుది. పాలపుంతలో బాగా వెలిగే మధ్య భాగం వృశ్చికం తోకకీ ధనుస్సుకీ నడుమ ఉంటుంది, అది మనకు దక్షిణం వైపు కనిపిస్తుంది. నంది కొండ బెంగళూరుకి ఉత్తరాన 60 కిలోమీటర్లు. అంటే నేను తీయాల్సిన చోటే మొత్తం నగరం లైట్లు వేసుకుని కూర్చుంది!

కాబట్టి నగరం మన వీపు వెనక ఉండాలి, లేదా బాగా దూరం పోవాలి. దక్షిణంగా డెంకణికోట వైపు చీకటి ఉంది గానీ అక్కడ ఏనుగులు కూడా ఉన్నాయి. ఆ అడవి రోడ్ల మీద రాత్రి కారు ఆపి నిలబడే ధైర్యం నాకు లేదు, మీకూ వద్దు. చీకటి ఎంత ముఖ్యమో తెలియాలంటే కావలూరు సంగతి చూడండి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ల 2.34 మీటర్ల టెలిస్కోప్ ఉన్నది బెంగళూరులో కాదు, తమిళనాడు జవ్వాది కొండల్లోని ఈ కావలూరులో. దానికి ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు పెట్టారు. ఆయన పెరిగింది మన హైదరాబాద్‌లో, వాళ్ల నాన్న అక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు.

నాకు చివరికి దొరికిన చోటు మా ఊరి వైపు ఉన్న మా మామ వేరుశనగ చేను. అక్కడి నుంచి చూస్తే దక్షిణం అంచున బెంగళూరు వెలుగు కొంచెం మసగ్గా ఉంటుంది గానీ, పాలపుంత నడిభాగం మన దగ్గర దాదాపు 48 డిగ్రీల ఎత్తుకి లేస్తుంది కాబట్టి ఆ మసకని దాటేస్తుంది. లండన్‌లో ఉన్న మా ఫ్రెండ్‌కి అదే భాగం ఇళ్ల కప్పుల మీదికి కూడా సరిగా రాదు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం.

చోటు దొరికాక ఇంట్లో గొడవ మొదలైంది. ఆకాశానికి అమావాస్య కావాలి, మా అమ్మకి అమావాస్య పనికిరాదు. "అమాస నాడు ఎవరన్నా ఊరిడిసి పోతారా నాయనా" అని ఫోన్లో ఒకటే పోరు. రాజీ ఏంటంటే, తిథులు చూసి ఇటూ అటూ జరుపుకోవడం. శుక్ల పంచమి దాకా పెద్ద ఇబ్బంది లేదు, చంద్రుడు రాత్రి పది, పదిన్నరకల్లా దిగిపోతాడు. కృష్ణ అష్టమి దాటితే అర్ధరాత్రి తర్వాత గానీ రాడు. ఇక పాలపుంత మార్చిలో తెల్లవారుజామున మూడు నుంచి, ఏప్రిల్లో ఒంటి గంట నుంచి, మేలో పదకొండు నుంచి బాగుంటుంది. జూన్‌లో మబ్బులు పట్టేస్తాయి. స్టెల్లేరియం అని ఉచిత యాప్ ఉంది, మీ ఊరు పెట్టుకుంటే ఏ గంటకి ఏది ఎక్కడో చూపిస్తుంది.

సెట్టింగులు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ చాలు. జూమ్ 18 దగ్గర పెట్టి, ఎఫ్ 3.5 (లెన్స్ పూర్తిగా తెరిచి), ఐఎస్ఓ 3200 (వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే సంఖ్య), షట్టర్ 18 సెకన్లు. ఎందుకు 18 అంటే, 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (ఇక్కడ 18), మళ్లీ సెన్సార్ క్రాప్ 1.5తో (ఫుల్ ఫ్రేమ్ కంటే మన సెన్సార్ ఎంత చిన్నదో చెప్పే సంఖ్య) భాగిస్తే దాదాపు అంతే వస్తుంది. అది దాటితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతలవుతాయి. రా ఫార్మాట్‌లో (కెమెరా మార్చని అసలు ఫైలు) తీయండి, బటన్ నొక్కిన కుదుపు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

అసలు దెబ్బ తగిలేది ఫోకస్‌లో. లెన్స్ మీద అనంతం గుర్తు ఉంటే దాన్ని నమ్మి ఒక రాత్రంతా తీశాను. కెమెరా వెనకున్న చిన్న స్క్రీన్ మీద అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. సోమవారం ల్యాప్‌టాప్‌లో చూస్తే ప్రతి చుక్కా నూనెలో తేలే ఆవగింజలా ఉబ్బి ఉంది. నూట ముప్పై ఫొటోలు, ఒక్కటి పనికిరాలేదు. ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీదే చూస్తూ) బాగా మెరిసే చుక్కని పది రెట్లు పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగు మెల్లగా తిప్పండి. తర్వాత రింగుకి చిన్న టేపు ముక్క అంటించండి, చీకట్లో చెయ్యి తగిలి కదలకుండా.

చేలో ఇంకో తమాషా. బోరు మోటారు స్టార్టర్ పెట్టె దగ్గర మామ ఒక ఎల్‌ఈడీ బల్బు పెట్టాడు. దాని తెల్లటి వెలుగు నా ముందున్న వేపచెట్టు మీద సున్నం కొట్టినట్టు పడింది. బల్బు ఆర్పించాను. ఈలోగా ఆయనే టార్చ్ వేసుకుని వచ్చాడు. అదీ ఆపించి, స్క్రీన్ మీద ఫొటో చూపిస్తే కాసేపు చూసి, "దీనికి బెంగళూరు నుంచి రావాల్నా, కళ్లంలో పడుకున్న కాలంలో రోజూ చూస్తాంటిమి" అన్నాడు. టార్చ్ తప్పదు, పాములుంటాయి. దానికి ఎర్ర జిలుగు కాగితం చుట్టండి, కళ్లు చీకటికి అలవాటు తప్పవు.

పక్షులు, జంతువుల దగ్గరికొస్తే నా సలహా కొందరికి నచ్చదు. మొదటి ఏడాది కబిని పులుల అడవికి పోకండి. నేను రెండు రోజులకి పద్దెనిమిది వేలు పెట్టి, మూడు సఫారీలు తిరిగి, పులి తోక చూశాను. అదీ ఫోకస్‌లో లేదు. జీపు ఇంజన్ ఆపినా పక్కవాళ్లు కదిలితే ఊగుతుందని, దానికి బియ్యం నింపిన సంచీ ఆనించుకోవాలని అప్పుడే తెలిసింది. (పాత జీన్స్ కాలు కుట్టించి బియ్యం పోశాను. వానాకాలం అయ్యేసరికి పురుగు పట్టింది. ఇప్పుడు వెళ్లిన చోట ఇసుక నింపి, వచ్చేటప్పుడు పారబోస్తున్నాను.)

దాని బదులు మీ ఇంటి దగ్గర చెరువు పట్టుకోండి. నాకు కైకొండ్రహళ్లి చెరువు. వరసగా ఆదివారాలు ఆరున్నరకి పోయి కూర్చునేవాణ్ణి. లకుముకి పిట్ట ఎప్పుడూ నీళ్లలోంచి పొడుచుకొచ్చిన ఒకే ఎండు కొమ్మ మీదికి వస్తుందని మూడో వారం కనిపెట్టాను. చేపని పట్టాక నేరుగా మింగదు, కొమ్మకేసి రెండు మూడు సార్లు బాదుతుంది. అది తెలిశాక పిట్టని వెతకడం మానేసి కొమ్మ మీదే ఫోకస్ పెట్టి ఎదురుచూశాను. కూర్చున్న పక్షికి సెకనులో 500వ వంతు సరిపోతుంది, ఎగిరేదానికి 2000వ వంతు కావాలి. గూడబాతులు పెద్దవి, తాపీగా దిగుతాయి, ప్రాక్టీస్‌కి వాటిని మించినవి లేవు.

కాస్త దూరం పోగలిగితే శ్రీరంగపట్నం దగ్గర రంగనతిట్టు ఉంది, పడవలో తిప్పుతారు, రాళ్ల మీద మొసళ్లు కూడా దొరుకుతాయి. నాకు మాత్రం చిలమత్తూరు మండలం వీరాపురమే ఇష్టం. ఊరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి, ఊరివాళ్లు ఆడపిల్లలు పుట్టింటికొచ్చినట్టు చూసుకుంటారు. సైబీరియా నుంచి వస్తాయని పేపర్లు రాస్తుంటాయి గానీ అవి మన దేశపు పక్షులే. ఒక్కటి గుర్తుంచుకోండి: గూడు కిందికి పోవద్దు, చప్పట్లు కొట్టి లేపొద్దు. తల్లి బెదిరి లేస్తే పిల్లలు కింద పడతాయి. ఎగిరే ఫొటో కోసం రాయి విసిరినవాణ్ణి చూశాను. ఊరాయన వాడి కెమెరా లాక్కున్నాడు, నేను అడ్డుపడలేదు.

కొండలు, లోయలు? ఎండ ఏటవాలుగా పడే వేళకి అక్కడ ఉండండి, వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. రామనగర గుట్టలు, గండికోట, ఏదైనా అంతే.

లెన్స్: ఆరు నెలలు ఏమీ కొనకండి. పక్షులకి వాడే 150-600 పెద్ద జూమ్ లెన్స్ బెంగళూరులో రోజు అద్దెకి దొరుకుతుంది. రెండు వారాంతాలు మోసి చూడండి, మెడ నొప్పి పుట్టాక కూడా కావాలనిపిస్తే అప్పుడు కొనండి.

డబ్బుల సంగతి. ఇన్నేళ్లలో సంపాదించింది రెండు వేలు. మా ఊరి వైపు ఒక ఎరువుల షాపాయన గండికోట ఫొటో క్యాలెండర్‌కి వాడుకుని ఇచ్చాడు. అది మా అమ్మ వంటింట్లో వేలాడుతోంది. అందులో అమావాస్యలకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టింది, నేను బయల్దేరకుండా ముందే ఫోన్ చేయడానికి.