నొప్పి లేని గడ్డ... నెలలో రెట్టింపయితే?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. గుంటూరు దగ్గర పల్లెలో ఉంటారు. మొన్నటిదాకా మిరప చేను పనులు ఆయనే చూసుకున్నారు. మూడు నెలల కిందట ఎడమ చెవి ముందు శనగ గింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు, దురద లేదు. సెగగడ్డేమో అని పసుపు పెట్టాం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ వాడాం. తగ్గకపోగా రేగుపండంత అయి ఎర్రబడింది. విజయవాడలో ముక్క తీసి పరీక్ష చేయిస్తే ‘మెర్కెల్ సెల్ కార్సినోమా’ అని వచ్చింది. ఇది వైరస్ వల్ల వస్తుందట కదా, ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందా? ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోగలరా? కత్తి పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా పిల్లల సంగతి చెబుతాను. వాళ్లకు ఏమీ కాదు. నాన్నగారి పక్కన కూర్చోవచ్చు, ఆయన కంచంలో తినవచ్చు, ఒళ్లో పడుకోవచ్చు. మెర్కెల్ సెల్ కార్సినోమా అంటే చర్మానికి వచ్చే ఒక రకం క్యాన్సర్. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

వైరస్ మాట మాత్రం నిజమే. 2008లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఈ గడ్డల్లో ఒక కొత్త వైరస్‌ను కనిపెట్టారు. అక్కడి రోగుల్లో పది గడ్డలకు సుమారు ఎనిమిదింటిలో అది ఉంటుంది. కానీ అదే వైరస్ పెద్దవాళ్లలో చాలామంది చర్మం మీద ఏ హానీ చేయకుండా ఉండేదే. చిన్నప్పుడే వచ్చి చేరుతుంది. ఎక్కడో అరుదుగా దాని జన్యు పదార్థం మన చర్మ కణంలోని డీఎన్ఏలో ఇరుక్కుపోతుంది. అలా ఇరుక్కున్న వైరస్ దెబ్బతిని ఉంటుంది కాబట్టి బయటికి వచ్చి ఇంకొకరికి పాకలేదు. వైరస్ లేని గడ్డలకు ఏళ్ల తరబడి పడిన ఎండ ముఖ్య కారణం. వయసు పెరిగి రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో, కిడ్నీ మార్పిడి లాంటి వాటి తర్వాత ఆ శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో ఇది ఎక్కువ. తెల్లజాతివాళ్లలోనే ఎక్కువగా చూస్తాం, మన దగ్గర చాలా అరుదు. అందుకే దీన్ని మొదటే అనుమానించేవాళ్లు తక్కువ. మీరు పసుపు పెట్టి పొరపాటు చేశామని కుమిలిపోకండి.

అయితే చదివేవాళ్లందరికీ ఒక మాట. సెగగడ్డ సలుపుతుంది, చీము పడుతుంది, వారం పది రోజుల్లో పగిలి తగ్గుముఖం పడుతుంది. ఇది అలా కాదు. గట్టిగా ఉంటుంది, ఎర్రగానో వంకాయ రంగులోనో కనిపిస్తుంది, ముట్టుకున్నా నొప్పి ఉండదు, వారాల్లోనే పెరుగుతుంది. ‘నొప్పి లేదు కదా’ అనే ధైర్యంతోనే చాలామంది నెలలు పోగొట్టుకుంటున్నారు. యాభై దాటినవాళ్లకు ముఖం, మెడ, చేతుల మీద ఇలాంటి గడ్డ లేచి పెరుగుతుంటే చర్మ వైద్యులకు చూపించి ముక్క పరీక్ష చేయించండి.

ఇక కత్తి మాట. ఈ భయం మన ఊళ్లలో ఎంత లోతుగా ఉందో నాకు తెలుసు. ముదిరాక ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొన్నాళ్లకు పోతే ఆ నేరం కత్తి మీద పడింది. పాకే గుణం గడ్డలోనే ఉంది. పైగా మెర్కెల్ సెల్ క్యాన్సర్ లింఫు గ్రంథుల్లోకి, అంటే మెడ, చంకల్లాంటి చోట్ల ఉండే రోగనిరోధక గ్రంథుల్లోకి, తొందరగా వెళ్తుంది. కనిపెట్టేసరికే సుమారు మూడో వంతు మందిలో అక్కడికి చేరి ఉంటుంది. ఆగిన ప్రతి వారం దానికే లాభం.

అందుకే గడ్డ ఒక్కటీ తీసేసి ‘అయిపోయింది’ అంటే ఒప్పుకోవద్దు. నాన్నగారి గడ్డ చెవి ముందు ఉంది. అక్కడి నుంచి అది మొదట వెళ్లేది పక్కనున్న లాలాజల గ్రంథిలోని, మెడలోని లింఫు గ్రంథులకు. వాటిని చేత్తో తడిమి చూస్తే చాలదు. క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూపే పెట్ సీటీ స్కాన్ తీస్తారు. ఆపరేషన్‌లో గడ్డతో పాటు చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి చర్మం తీసి, గడ్డకు దారిలో మొదట తగిలే లింఫు గ్రంథిని కూడా పరీక్షిస్తారు. దాన్ని సెంటినెల్ నోడ్ అంటారు. ముఖాన్ని కదిలించే నరం అక్కడే ఉంటుంది కాబట్టి సర్జన్ కొంచెం తక్కువ వెడల్పు తీసి మిగతాది రేడియేషన్‌కు వదలవచ్చు. అది తప్పు కాదు. ఈ క్యాన్సర్ రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. ఆపరేషన్ అసలు కుదరకపోతే రేడియేషన్ ఒక్కదానితోనే వైద్యం చేసే వీలుంది.

74 ఏళ్లు అడ్డు కాదు. గుండె, కిడ్నీలు, షుగర్ ఎలా ఉన్నాయన్నదే చూస్తారు. నిన్నటిదాకా చేలో తిరిగిన మనిషి తట్టుకోగలరనే నా నమ్మకం. ఒకవేళ దూరం పాకిందని తేలినా ఇప్పుడు ఇమ్యునోథెరపీ ఉంది, అంటే మన రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందులు. 2017లో అమెరికాలో ఈ క్యాన్సర్‌కు అనుమతి వచ్చిన అవెలుమాబ్, ఆ తర్వాత వచ్చిన పెంబ్రోలిజుమాబ్ కీమో కంటే ఎక్కువ కాలం పనిచేస్తున్నాయి. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏ వైద్యం వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

జబ్బు చిన్నదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. వైద్యం తర్వాత కూడా కొందరిలో తిరిగి వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. ఆ కాలమంతా డాక్టర్ చెప్పిన ప్రకారం మూడు నుంచి ఆరు నెలలకొకసారి చూపించాలి. నాన్నగారికి విషయం దాచకండి. గడ్డ పెరగడం ఆయన రోజూ అద్దంలో చూస్తున్నారు. చెప్పకపోతే ఇంకా పెద్దదేదో ఊహించుకుంటారు.

గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఎక్కడికి వెళ్లినా ఈ వారంలోనే వెళ్లండి. ఒక్క రిపోర్టు కాగితం పట్టుకెళ్తే సరిపోదు. ముక్క పరీక్ష చేసిన ల్యాబ్‌లో అడిగి స్లైడ్లు, తీసిన ముక్కను దాచి ఉంచిన మైనపు బ్లాకులు తీసుకోండి. ఊపిరితిత్తుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్ కూడా మైక్రోస్కోప్ కింద ఇలాగే కనిపిస్తుంది. సీకే 20, టీటీఎఫ్ 1 అనే పరీక్షలతో ఆ రెండింటినీ వేరు చేస్తారు. మీ రిపోర్టులో ఆ పేర్లు లేకపోతే కొత్త డాక్టర్ ఆ బ్లాకులతోనే చేయిస్తారు, నాన్నగారికి మళ్లీ ముక్క తీయాల్సిన పని ఉండకపోవచ్చు. ఆయన వాడుతున్న మందుల చీటీలు కూడా అదే కవర్లో పెట్టుకోండి. కీళ్ల నొప్పులకని ఎవరైనా స్టెరాయిడ్లు ఇచ్చి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.