ఎదురెండలో వరినాట్లు

ప్రశ్న: మనీలాలో ఉంటున్న మా అన్నయ్య వరినాట్ల తైలవర్ణ చిత్రం పంపాడు. ఫిలిప్పీన్స్ చిత్రకారుడు అమోర్సోలో పద్ధతిలో వేసిందట. ఎలా చూడాలి? ఎక్కడ తగిలించాలి?
- ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో వెతకండి. ఫెర్నాండో అమోర్సోలో (1892–1972) తరచూ ఎండను మనుషుల వెనక ఉంచేవారు. అందుకే ముఖాలు నీడలో ఉన్నా టోపీ అంచులు, భుజాలు మెరుస్తాయి. ఆ నీడ ఉత్త నలుపైతే పనితనం తక్కువే. బాగా వేసిన నీడలో మడినీళ్ల నుంచి తిరిగొచ్చిన పచ్చదనం, ఊదా కనిపిస్తాయి. తెనాలి వైపు మాగాణుల్లో పొద్దువాలే వేళ నాట్లు చూసినవాళ్లు దీన్ని ఇట్టే పోల్చుకుంటారు. కాస్త దూరం నుంచి మొత్తం చూశాక, దగ్గరికెళ్లి టార్చిని పక్కనుంచి వేయండి. కుంచె ఎత్తుపల్లాలు తేలతాయి. భూతద్దంలో వరుసగా రంగు చుక్కలు కనిపిస్తే అది అచ్చు.

చిత్రం మధ్యభాగం నేలనుంచి సుమారు 150 సెం.మీ. ఎత్తున ఉండాలి. వానకు తడిసే గోడ వద్దు, చెమ్మకు కాన్వాసు వెనక బూజు పడుతుంది. ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు ముక్కలు అతికిస్తే గాలి ఆడుతుంది. తడిగుడ్డ అస్సలు పెట్టకండి, పగుళ్లలోకి నీరు దిగి రంగు పొర లేస్తుంది. మెత్తని పొడి కుంచెతో దులపండి. రంగు ఇప్పటికే పెచ్చులు లేస్తుంటే అదీ వద్దు, చిత్రాలు బాగుచేసే నిపుణులకు చూపించండి.