లైబ్రరీ రాఫిల్‌కు పండుగ క్విల్ట్: ఎప్పుడు మొదలుపెట్టాలి, పాత చీరలు వాడవచ్చా?

మీ ఊరి లైబ్రరీకి నిధులు సమకూర్చే సంఘం డిసెంబరు రాఫిల్ (టిక్కెట్లు అమ్మి తీసే లక్కీ డ్రా) కోసం ఒక పండుగ క్విల్ట్ (గుడ్డముక్కలు కలిపి కుట్టిన పై బట్ట, నడుమ దూది, అడుగు బట్ట, ఈ మూడు పొరల దుప్పటి) కుట్టి ఇమ్మని అడిగిందనీ, జాకెట్లు కుట్టిన అనుభవమే తప్ప క్విల్ట్ ఎన్నడూ కుట్టలేదనీ, అమ్మగారి పాత నేతచీరలు అందులో వాడాలని ఉందనీ రాశారు. నేనూ మీలాగే కాలిఫోర్నియాలో ఉంటూ ఇలాంటి లక్కీ డ్రాలకు మూడు క్విల్ట్‌లు కుట్టి ఇచ్చాను.

డ్రా డిసెంబరులోనే అయినా, క్విల్ట్ అక్టోబరు మొదటి వారానికల్లా లైబ్రరీ గోడ మీద ఉండాలి. వచ్చినవారు దాన్ని కళ్లారా చూసి, చేత్తో తడిమి చూశాకే టిక్కెట్టు కొంటారు. నా మొదటి క్విల్ట్ డ్రాకు పది రోజుల ముందు పూర్తయింది. దాని ఫోటో చూపించి అమ్మిన టిక్కెట్లు చాలా తక్కువ. అందువల్ల జూన్‌లోనే బట్ట కొనండి. మూడు పొరలనూ కలిపి కుట్టే పని పెద్ద మిషను ఉన్నవారికి అప్పగించేటట్లయితే, పండుగల ముందు వారికి తీరిక ఉండదు కనుక వేసవిలోనే మాట తీసుకోండి.

కొలత 60 అంగుళాల చదరం చాలు, సోఫాలో కూర్చుని కప్పుకోవడానికి సరిపోతుంది. మొదటిసారి కుట్టేవారికి లాగ్ క్యాబిన్ నమూనా మంచిది. నడుమ రెండున్నర అంగుళాల ఎర్రని చదరం (దాన్ని ఇంట్లోని పొయ్యికి గుర్తుగా చెబుతారు), దాని చుట్టూ ఒకటిన్నర అంగుళాల పట్టీలు ఐదు వరుసలు కుడితే 12 అంగుళాల గడి తయారవుతుంది (చదరం, పట్టీల కొలతలు కత్తిరించేటప్పటివి, కుట్లలో పోయాక ఒక్కొక్కటి అర అంగుళం తగ్గుతుంది). అలాంటివి 25 కావాలి. అంచు నుంచి సరిగ్గా పావు అంగుళం లోపల కుట్టు పడాలి. జాకెట్టులో వెంట్రుకవాసి తేడా ఎవరికీ తెలియదు గాని, ఇక్కడ ఒక్కొక్క కుట్టు అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగినా, ప్రతి కుట్టు దగ్గర రెండు ముక్కలూ అంతంత తగ్గుతాయి, గడి అడ్డంగా పది కుట్లున్నాయి కనుక, మొత్తం అంగుళంపావు తగ్గిపోతుంది. అడుగు బట్టనూ మధ్యలో పెట్టే దూది పొరనూ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువగా, అంటే 68 అంగుళాలు తీసుకోండి.

ఇక చీరల సంగతి. మా అమ్మమ్మ పాత నేతచీరలను పొరలుగా పరిచి, టాకాలు వేసి బొంతలు కుట్టేది. ఆ మెత్తదనం మీద ఉన్న మమకారం నాకు తెలుసు. అయినా రాఫిల్ క్విల్ట్‌లో అరిగిన చీరలు వద్దనే చెబుతాను. బొంతలో పొరలన్నీ పాతవే గనుక ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కొత్త కాటన్ పక్కన కుట్టిన పాత ముక్క మాత్రం నాలుగు ఉతుకులకే కుట్టు దగ్గర చిరుగుతుంది. గెలుచుకునేది ఎవరో తెలియదు, చిరిగితే మళ్లీ మన దగ్గరకు తెచ్చుకోలేరు. ఆ చీరలతో మీ ఇంటికి ఒక బొంత కుట్టుకోండి. నేత అందం ఇందులోనూ ఉండాలంటే కొత్త నేత కాటన్ కొని, ముందుగా ఉతికి వాడండి.

ముందుగా ఉతకమనడానికి కారణం ఉంది. నా రెండో క్విల్ట్‌లో ఇంటి నుంచి తెచ్చిన ఎర్ర నేతబట్టను ఉతకకుండానే కుట్టాను. పూర్తయ్యాక ఒక్కసారి తడిపేసరికి చుట్టూ ఉన్న తెలుపంతా గులాబీ రంగుకు తిరిగింది. గిన్నెల సబ్బు కలిపిన వేడినీళ్లలో రాత్రంతా పూర్తిగా మునిగేలా నానబెట్టి, రెండుసార్లు నీళ్లు మార్చాక గాని రంగు వదలలేదు. ఎరుపు, ముదురు ఆకుపచ్చ బట్టలను తడిపి, తెల్లగుడ్డ మీద గట్టిగా అదిమి చూడండి. రంగు అంటితే ఆ బట్టను పక్కన పెట్టండి. శాంటా బొమ్మల బట్ట కన్నా ఎరుపు, ఆకుపచ్చ, మీగడ రంగులు చాలునని నా అభిప్రాయం. క్రిస్మస్ జరుపుకోని కుటుంబాలు కూడా టిక్కెట్టు కొంటాయి, క్విల్ట్ చలికాలమంతా సోఫా మీద ఉంటుంది.

సంఘంవారిని మరొక మాట అడగండి. కాలిఫోర్నియాలో రాఫిల్ జరపాలంటే లాభాపేక్ష లేని సంస్థ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో నమోదు కావాలి, వచ్చిన డబ్బులో కనీసం 90 శాతం సేవాకార్యానికే వెళ్లాలి, టిక్కెట్లను ఇంటర్నెట్‌లో అమ్మకూడదు. పన్ను విషయంలో మీ కుట్టుకూలికి విలువ కట్టి మినహాయింపు కోరడం కుదరదు. అయినా బట్ట, దూది కొన్న రసీదులు దాచుకోండి.

చివరగా వెనకవైపు మూలన ఒక తెల్లని గుడ్డముక్క కుట్టి, దాని మీద చెరగని సిరాతో మీ పేరు, సంవత్సరం, లైబ్రరీ పేరు, వాటి కింద చల్లని నీళ్లలో ఉతికి నీడలో ఆరబెట్టమనీ రాయండి.