రేటు తెగే చోట

సాలూరు

చిరంజీవి బాబుకి, ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. ఒడిశా సెమిలిగుడలో రికవరీ వ్యాన్ నడిపే మీ మావయ్య మీద రాయాలన్న ఆలోచన బాగుంది. లారీ డ్రైవర్ల మీద మనవాళ్ళు రాశారు గానీ, ఆ లారీని లోయలోంచి పైకి లాగేవాడి జోలికి పెద్దగా ఎవరూ పోలేదు.

నచ్చనిది ముందే చెప్పేస్తాను. మొదటి పేజీ అంతా యాక్సిడెంటే. బ్రేకు ఫెయిలవడం, అరుపులు, అద్దం పగలడం, రక్తం. ఆ పేజీ తీసెయ్. అది మీ మావయ్య చూసింది కాదు, నువ్వు చూసిందీ కాదు. ఆయన వెళ్ళేసరికి దెబ్బలు తగిలినవాళ్ళని ఎవరో ఒకరు ఆసుపత్రికి పంపేసి ఉంటారు. ఆయన కథ ఫోన్ మోగిన దగ్గర మొదలవుతుంది. "ఎవరికైనా ఏమైనా అయిందా?" అని అడిగాడని రాశావు. అడుగుతాడు, మంచివాడే. కానీ ఆ వెంటనే ఇంకో మూడు అడగాలి కదా! లోడుందా? ఏ టర్నింగు? ముందు చక్రాలు రోడ్డు మీదే ఉన్నాయా, దిగిపోయాయా? తన వ్యాను ఒక్కటీ సరిపోతుందా, హైడ్రా క్రేను కూడా పిలవాలా అన్నది ఆ జవాబుల మీదే ఉంటుంది. రేటు కూడా అక్కడే సగం తేలిపోతుంది.

మొదటి సగంలో మావయ్యని గద్దని చేశావు, చివర్లో దేవుణ్ణి చేశావు. రెండూ వద్దు. ఎదుటివాడికి చెడ్డరోజు వస్తే తనకి గిరాకీ. పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడి వ్యాపారం బాగుండాలని ఆయన ఎలా దణ్ణం పెట్టుకుంటాడు? ఆ ఇబ్బంది ఆయనకి తెలుసు, అలవాటైపోయింది. దాని గురించి ఆయన చేత ఉపన్యాసం చెప్పించకు. బేరంలో చూపించు.

నీ కథ అసలు ఉన్నది ఆ బేరంలోనే, నువ్వేమో రెండు వాక్యాల్లో దాటేశావు. రాత్రి రెండింటికి, వానలో, సాలూరుకీ పొట్టంగికీ మధ్య సుంకి ఘాట్‌లో ఒక సిమెంటు లారీ అడ్డంగా పడి ఉంది. డ్రైవరు జేబులో డీజిల్ డబ్బులు తప్ప ఏమీ లేవు. ఓనరు రాయ్‌పూర్‌లో ఉన్నాడు, ఫోన్‌లో హిందీలో అరుస్తున్నాడు. వెనక బళ్ళు ఆగిపోయాయి, రోడ్డు క్లియర్ చెయ్యమని పోలీసులు తొందరపెడుతున్నారు. ఇంకో క్రేన్ రావాలంటే తెల్లారిపోతుంది. ఆ సంగతి డ్రైవరుకి తెలుసు, మావయ్యకి ఇంకా బాగా తెలుసు. అప్పుడు మావయ్య నోట్లోంచి ఏ అంకె వస్తుందో అదే ఆయన మనిషితనం. తక్కువ చెబితే డీజిల్, ఇద్దరు కుర్రాళ్ళ బత్తా, తెగిన బెల్టు ఖర్చు మీద పడతాయి. మరీ ఎక్కువ చెబితే ఆ మాట తెల్లారేసరికి సాలూరు చేరుతుంది. ఇది లారీల ఊరు, ఇక్కడ ఒక్క ఓనరు "వాణ్ణి పిలవకండి" అంటే చాలు.

ఇన్సూరెన్స్ కూడా పెట్టు. మామూలు పాలసీలో లారీ టోయింగ్ కింద ఇచ్చేది 2,500 రూపాయల దాకానే, అదనపు ప్రీమియం కట్టుకుంటే తప్ప. ఘాట్‌లో లోడు లారీని లేపడానికి అది ఏ మూలకి? ఓనరు అరుపుల్లో సగం ఆ తేడా గురించే. కాబట్టి వాణ్ణి ఉత్త దుర్మార్గుణ్ణి చెయ్యకు, వాడి కిస్తీలు వాడికున్నాయి.

ఇక పని. "మావయ్య గొలుసు కట్టి లారీని లాగాడు" అని రాశావు. లారీ అలా రాదు బాబూ. బ్రేకు ట్యాంకుల్లో గాలి దిగిపోతే వెనక చక్రాల బ్రేకులు పట్టేస్తాయి, స్ప్రింగు ఒత్తిడితో. వ్యాను నుంచి గొట్టం వేసి గాలి పట్టాలి. లేదంటే కిందికి దూరి, బ్రేకు చాంబర్ వెనక బోల్టు బిగించి, స్ప్రింగుని వెనక్కి లాక్కోవాలి. కుర్రాడు వీపు కింద గోనెపట్టా వేసుకుని, ఫోన్ లైటు పళ్ళ మధ్య పెట్టుకుని స్పానర్ తిప్పుతుంటాడు. మొహం మీద బురద నీళ్ళు, గ్రీజు కారుతుంటాయి. చక్రానికి రాయి పెట్టకుండా ఆ బోల్టు ముట్టుకుంటే, బ్రేకు వదిలిన లారీ వాడి మీదికే వస్తుంది. తర్వాత గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి. ఇంజను ఆగి ఉండి చక్రాలు తిరిగితే గేరుబాక్సులో ఆయిల్ పైకెక్కక పళ్ళు కాలిపోతాయి, ఆ ఖర్చు మళ్ళీ మావయ్య నెత్తికే చుట్టుకుంటుంది. లోడు ముందు దింపించాలా, లోడుతోనే లేపాలా అన్నది ఇంకో తగువు. దింపాలంటే హమాలీలు, ఇంకో బండి. వించి తాడు బిగిసినప్పుడు దాని వరసలో ఎవరినీ నిలబడనివ్వడు, తాడు మీద తడి గోనెసంచి వేస్తాడు. తెగితే అది కొట్టే దెబ్బకి కాళ్ళు పోతాయి. నీ కథలో కుర్రాడు ఆ తాడు పక్కనే నిలబడి పాట పాడుతున్నాడు. మావయ్య చదివితే మొదట తిట్టేది దానికే.

ఇంకొకటి. ఆ ఘాట్‌లో పి.కోనవలస వైపు దిగే బండికి బ్రేకులతో తిప్పలు, పొట్టంగి వైపు ఎక్కే బండికి క్లచ్‌తో. నీ లారీ రాయ్‌పూర్ నుంచి విశాఖ వస్తోందన్నావు, అంటే దిగుతోంది. అయినా క్లచ్ కాలిన వాసన రాశావు. చూసుకో.

కాలం కూడా చూసుకో. కథ 2019 వానాకాలంలో జరుగుతుందన్నావు. ఎస్సై మాత్రం 106 సెక్షన్ అంటాడు. భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న, అంతకుముందు నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే ఐపీసీ 304ఏ. సాలూరుని మన్యం జిల్లా అన్నావు, ఆ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్‌లో. నన్నడిగితే కథనే ఇప్పటికి జరుపు. సెక్షనూ జిల్లా సరిపోవడమే కాదు, ఇంకా పెద్ద సరుకు దొరుకుతుంది. రాయ్‌పూర్ నుంచి విశాఖకి ఆరు లైన్ల రోడ్డు వేస్తున్నారు కదా, దాదాపు 465 కిలోమీటర్లు. మనవైపు భాగానికి 2022 నవంబరులో విశాఖలో శంకుస్థాపన చేశారు. అది పూర్తయితే పెద్ద లోడ్లు ఘాట్ ఎందుకు ఎక్కుతాయి? టోల్ రోడ్డు మీద బండి ఆగితే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే వాళ్ళ క్రేనే వస్తుంది. రోడ్డు ఖాళీ చెయ్యడం వరకే వాళ్ళ పని, గ్యారేజీ దాకా చేర్చడం కాదనుకో. ఆ మిగిలిన ముక్క మీద మావయ్య బతకగలడా? వ్యాను కిస్తీ ఇంకా ఎన్నేళ్ళుంది? యాక్సిడెంట్లు తగ్గుతాయని ఊరంతా సంతోషిస్తుంటే ఆయన టీ కొట్టు దగ్గర ఏం మాట్లాడతాడు? ఇది నువ్వు ఊహించి రాయకు, వెళ్ళి కూర్చుని విను.

చావు కేసయితే లారీ స్టేషన్ ఆవరణలో పడి ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూడాలి, కోర్టు వదలాలి. అప్పటిదాకా మావయ్య కూలి ఎవరు ఇస్తారు? బండి ఒడిశా సరిహద్దుకి అటు పడితే పొట్టంగి స్టేషను, ఇటు పడితే పాచిపెంట. దీనికి ఒక పేరా చాలు, లాగకు.

సంభాషణల్లో అందరూ పాఠ్యపుస్తకంలా మాట్లాడుతున్నారు. మావయ్య ఇంట్లో తెలుగు, పోలీసులతో ఒడియా, ఓనరుతో హిందీ. కోపం వచ్చినప్పుడు ఏ భాషలోకి జారతాడో నీకే తెలుసు.

చివరగా ఆ 18,000. అంత తీసుకున్నాడని రాశావు. కథ ఆయనకి చదివి వినిపించు. ఆ అంకె తప్పంటాడు. ఎక్కువంటాడో తక్కువంటాడో, ఎందుకో అడిగి రాసుకో, దాన్ని బట్టి బేరం మళ్ళీ రాయి. లారీ నంబరు, ఓనరు పేరు, ట్రాన్స్‌పోర్టు పేరు మార్చెయ్, కేసు ఇంకా కోర్టులోనే ఉందన్నావు. దసరా లోపల పంపితే తీరిగ్గా చదువుతాను, ఆ తర్వాత మా మనవరాలి పెళ్ళి పనులు మొదలవుతాయి.