పిల్లల యాప్‌కు ఏ తెలుగు ఫాంటు?

ప్రశ్న: నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు తెలుగు అక్షరాలు, చిన్న కథలు నేర్పే ఆండ్రాయిడ్ యాప్ చేస్తున్నాం. ముద్దుగా ఉంటుందని లావుపాటి గుండ్రటి ఫాంటు పెట్టాం. పిల్లలు ప, ష తేడా పోల్చుకోలేకపోతున్నారు. కొన్ని ఫోన్లలో వత్తులు సగానికి తెగుతున్నాయి. ఏ ఫాంటు వాడమంటారు?

జవాబు: తికమకపెట్టే అక్షరాలను పక్కపక్కన టైప్ చేసి చూడండి: వ ప ష ఫ, ఘ ఝ, ర ఠ, ద థ ధ, డ ఢ. వీటిలో చాలావాటికి తేడా చిన్న గీతో, చుక్కో మాత్రమే. ఠ, థల గుర్తు లోపలి చుక్క. పను షగా మార్చేది ఒక్క గీత. ఫాంటు లావయ్యేకొద్దీ లోపలి ఖాళీ మూసుకుపోయి ఆ చుక్క, ఆ గీత అక్షరంలో కలిసిపోతాయి. పెద్దవాళ్లం మాటను బట్టి చదివేస్తాం కాబట్టి మనకు తెలియదు. పిల్లవాడికి ఆ గీతే ఆధారం.

కథల పాఠానికి నోటో శాన్స్ తెలుగు ఫాంటును రెగ్యులర్ లేదా మీడియం వెయిట్‌లో (అంటే అక్షరం మందంలో) పెట్టండి. మండలి ఫాంటు కూడా వాడొచ్చు కానీ అందులో ఒక్క వెయిటే ఉంది. దానికి బోల్డ్ పెడితే ఫోనే అక్షరాన్ని కృత్రిమంగా లావు చేస్తుంది, మళ్లీ చుక్కలు పూడుకుపోతాయి. గుండ్రటి అందమే కావాలంటే బాలూ తమ్ముడు 2 ఫాంటును 400 (రెగ్యులర్) వెయిట్‌లో, శీర్షికలకూ బటన్లకూ మాత్రమే. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫాంటు ఫైలును యాప్‌లోనే చేర్చండి. ఫోన్‌లో ముందే ఉండే సిస్టమ్ ఫాంటుకు వదిలేస్తే ఫోను మారినప్పుడల్లా అక్షరం తీరు మారవచ్చు.

సైజు విషయానికొస్తే అక్షరం కార్డుకు 96 ఎస్పీ (ఆండ్రాయిడ్‌లో అక్షరాల సైజు కొలత), విడి మాటకు 32, కథలో వాక్యానికి 24తో మొదలుపెట్టండి. అదే 24లో ఒక ఫాంటు పెద్దగా, ఇంకొకటి చిన్నగా కనిపిస్తుంది కనుక ఫాంటు మార్చినప్పుడల్లా ఫోన్‌లో చూసి సరిచేసుకోవాలి.

వత్తులు తెగడానికి కారణం సాధారణంగా ఫాంటు కాదు, ఎత్తు చాలకపోవడం. స్త్రీ, రాష్ట్రం వంటి మాటలకు పైన గుడిదీర్ఘమో తలకట్టో, కింద రెండు వత్తులు పట్టాలి. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.2 లైన్ హైట్ (అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో ఆ లెక్క) తెలుగుకు చాలదు, 1.6 ఇవ్వండి. టెక్స్ట్ పెట్టెకు స్థిరమైన ఎత్తు పెట్టకండి. అక్షరాల పైనా కిందా ఖాళీ ఉంచే ‘ఇన్‌క్లూడ్ ఫాంట్ ప్యాడింగ్’ సెట్టింగ్‌ను ఫాల్స్ చేసి ఉంటే ట్రూ చేయండి. పొడవాటి అక్షరాలకు చాలినంత ఎత్తు ఇచ్చే ‘ఎలిగెంట్ టెక్స్ట్ హైట్’ను కూడా ట్రూగా ఉంచండి. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసిన యాప్‌లలో అది దానంతటదే ట్రూ అవుతుంది, పాతవాటిలో మీరే పెట్టాలి.

ప్రశ్న: వేలితో అక్షరాలు దిద్దించే స్క్రీన్‌కూ ఇదే ఫాంటు పనికొస్తుందా?

జవాబు: చూపించడానికి పనికొస్తుంది, దిద్దించడానికి చాలదు. ఫాంటులో ఉండేది అక్షరం అంచుల రేఖే. చెయ్యి ఎక్కడ మొదలై ఎటు తిరగాలో అందులో ఉండదు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఫాంటు అక్షరాన్ని లేతరంగులో పరిచి, దాని నడుమగుండా గీతలను రాసే వరుసలోనే గీసి ఎస్‌వీజీగా (గీతలను గీతలుగానే దాచే ఫైలుగా) దాచుకోండి. తలకట్టు, చుక్క, ఒత్తు గీత వేర్వేరు గీతలుగా ఉండాలి. అన్నీ ఒకే గీతగా గీస్తే చెయ్యి ఎత్తి మళ్లీ పెట్టాల్సిన చోటు పిల్లలకు తెలియదు.